అచ్చు కంటే ముందు కొలత

ప్లాస్టిక్ మోడల్ కిట్ అనగానే అది విదేశాల నుంచి మన నగరాల్లోకి దిగిన పిల్లల సరదా అనుకుంటాం. పెట్టె వరకు ఆ మాట నిజమే. 1936లో బ్రిటన్‌కు చెందిన ఫ్రాగ్ సంస్థ ‘పెంగ్విన్’ పేరుతో విమానాల భాగాలను ప్లాస్టిక్‌లో పోసి అమ్మింది. 1952లో ఎయిర్‌ఫిక్స్ ‘గోల్డెన్ హైండ్’ ఓడను చవక ధరకు వూల్‌వర్త్ దుకాణాల్లో పెట్టాక అది ఇళ్లలోకి చేరిన వ్యాపకమైంది. కానీ నమూనా కట్టే విద్యకు ఈ పెట్టెతోనే శ్రీకారం చుడితే కలకత్తా చరిత్రకు అన్యాయం చేసినట్టే. పెద్ద వస్తువును చిన్నది చేసి, చూసేవాడికి నమ్మకం కలిగేలా నిలబెట్టే పని ఈ నగరానికీ, దాని చుట్టుపక్కల ఊళ్లకూ ప్లాస్టిక్ కంటే చాలా ముందే తెలుసు. కిట్ కొత్తగా తెచ్చింది నైపుణ్యాన్ని కాదు, పని విభజనను. కొలత తీసేవాడు ఒకచోట, కూర్చేవాడు మరొకచోట అయ్యారు.

దీనికి గట్టి సాక్ష్యం ఇప్పుడు లండన్ క్యూ ఉద్యానవనం సేకరణలో ఉంది. 1886లో లండన్‌లో జరిగిన వలస రాజ్యాల ప్రదర్శన కోసం బెంగాల్‌లోని కృష్ణనగర్ కళాకారుడు రాఖాల్ చంద్ర పాల్ ఒక నీలిమందు ఫ్యాక్టరీ నమూనా చేశాడు. అందులో సుమారు 100 మట్టి బొమ్మలున్నాయి. నీలి పని దశలవారీగా సాగుతుంది. కోసిన మొక్కల్ని తొట్లలో నానబెడతారు. ఆ నీటిని కింది తొట్టిలోకి వదిలితే, కూలీలు అందులో దిగి గాలి తగిలేలా చిలుకుతారు. అడుగున పేరుకున్న ముద్దను కాచి, వడగట్టి, ఒత్తి, బిళ్లలుగా కోసి ఆరబెడతారు. ఇంత పనిని ఒక బల్ల మీదికి తేవాలంటే తొట్టి లోతుకు మనిషి ఎత్తు ఎంతో, చిలికేవాడి నడుం ఎంత వంగుతుందో తెలియాలి. నేటి మోడలర్లు ‘డయోరమా’ అని పిలిచేది సరిగ్గా ఇదే. అయితే ఆ నమూనా చెప్పనిది కూడా ఒకటుంది. కృష్ణనగర్ ఉన్న నదియా జిల్లాలోనే 1859-60లో రైతులు నీలి దొరల మీద తిరగబడ్డారు. దీనబంధు మిత్ర ‘నీల్ దర్పణ్’ నాటకం వచ్చింది 1860లో. పాతికేళ్లు గడిచాక ప్రదర్శనకు పోయిన నమూనాలో ఆ రైతు కోపం లేదు, క్రమపద్ధతిలో సాగే పని మాత్రమే ఉంది. నమూనా ఎంత నిజంగా కనిపిస్తే, అది ఎవరి కోసం తయారైందన్న ప్రశ్న అంత గట్టిగా అడగాలని నేను నమ్ముతాను.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మట్టి బొమ్మ కళ, ప్లాస్టిక్ ముక్కలు అతికించడం వట్టి కూర్పు, రెండింటినీ ఒక గాటన కట్టడమేమిటని. పైగా కృష్ణనగర్ కళాకారులు మిల్లీమీటరు లెక్కన నిష్పత్తి పాటించలేదు కదా అని కూడా అడగవచ్చు. ఆ తేడాలు నిజమే. అయినా పని వరస చూడండి. మన కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, అతుకులు నునుపు చేసి, సున్నం పూసి, ఆపైన రంగు వేస్తారు. ప్లాస్టిక్ కిట్‌లోనూ ముక్కను చట్రం నుంచి కత్తిరించి, గీరి, అంచుల్ని కాస్త కరిగించి ఏకం చేసే ద్రావణంతో అతికి, సందుల్లో పుట్టీ నింపి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తారు. చేతులు చేసే పని ఒకటే. తేడా అంతా మొదటి మెట్టులో ఉంది. కొండపల్లిలో, కృష్ణనగర్‌లో ఆకారాన్ని నిర్ణయించేది చేసేవాడే. కిట్‌లో ఆ నిర్ణయం ఉక్కు అచ్చు చెక్కినవాడిది. 1/72 నిష్పత్తి, అంటే ఆరడుగులకు ఒక అంగుళం, ముందే లెక్కగట్టి వస్తుంది.

ఆ అచ్చు కలకత్తాకు ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న. ఆసక్తి లేక కాదు. 1959 మే 2న గురుసదయ్ రోడ్డులో ప్రారంభమైన బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం యంత్రాల నమూనాలతోనే జనాన్ని ఆకట్టుకుంది. 1965 నుంచి వాటిని బస్సులో ఎక్కించి పల్లెల్లోని బడులకూ తీసుకెళ్లింది. నగరంలోని ఇండియాస్ హాబీ సెంటర్ ఎగిరే నమూనా విమానాల కోసం ‘అరోరా’ అనే బుల్లి డీజిల్ ఇంజన్లు తయారుచేసింది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. బుల్లి ఇంజన్ చేయగల నగరానికి ప్లాస్టిక్ రెక్క చేయడం రాదని ఎలా అంటాం? అడ్డంకి డబ్బు లెక్కది. ఉక్కు అచ్చు మీద పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ఒకే బొమ్మ వేల సంఖ్యలో అమ్ముడుపోవాలి. విదేశీ పెట్టెలేమో దిగుమతి ఆంక్షల వెనక ఉండిపోయాయి. వినియోగ వస్తువుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ 1న గానీ తొలగలేదు.

ఆంక్షలు పోయాయి కాబట్టి చరిత్ర ఇక్కడితో సరి అనేవారూ ఉంటారు. నేను ఒప్పుకోను. కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్లు ఆటబొమ్మల పద్దులోనే ఉన్నాయి. ఆ పద్దు మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇక్కడ అచ్చులు చెక్కించే ప్రయత్నం తోడు కాకపోతే ఆ భారం మోసేది కొత్తగా నేర్చుకోవాలనుకునే విద్యార్థే. ఇది డబ్బున్నవాళ్ల వ్యాపకమన్న మాటను ఆ ధరే నిజం చేస్తుంది. చేసే చేతులకు మాత్రం ఇప్పటికీ కొరత లేదు. 2021 దుర్గాపూజలో కలకత్తాలోని శ్రీభూమి స్పోర్టింగ్ క్లబ్ బుర్జ్ ఖలీఫాను సుమారు 145 అడుగుల పందిరిగా నిలబెట్టింది. కొలిచి కుదించే విద్య అక్కడ ఏటా వీధుల్లో కనిపిస్తూనే ఉంది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి నా మనవి ఒకటే. మొదటి నమూనాకు చిన్న కిట్ కొనండి. కత్తిరించడం, అతకడం, రంగు వేయడం దానితో నేర్చుకోండి. రెండోదానికి పెట్టె కొనకండి. 1943లో రాకపోకలు మొదలైన హౌరా వంతెన ప్రధాన స్తంభాల మధ్య దూరం 457 మీటర్లు. వెయ్యో వంతుకు కుదిస్తే 46 సెంటీమీటర్లలోపే, మీ చదువుకునే బల్ల మీద పడుతుంది. అట్టముక్క, స్కేలు, పదునైన బ్లేడు తీసుకుని దాని కొలతలు మీరే వేసుకోండి.