ఇంటిపని పరీక్ష

ఇంటిచాకిరీ పనేనా అన్న ప్రశ్నకి ప్రభుత్వాలు ఇచ్చిన జవాబులన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. జనాభా లెక్కల్లో అది పని కాదు. జాతీయాదాయంలో దానికి చోటు లేదు. కూలి గురించో పింఛను గురించో అడిగితే అది ప్రేమ, బాధ్యత, ఆడవాళ్ళ స్వభావం. అదే స్త్రీ జబ్బుపడి, అంగవైకల్యం వచ్చి, సాయం కోసం దరఖాస్తు పెట్టుకున్న రోజున మాత్రం ఇంటిచాకిరీ ఒక్కసారిగా పనిగా మారిపోతుంది. "వంట చేసుకుంటున్నావు కదా, ఇంక నీకు చేతకానిదేముంది?" అని అడుగుతారు. బ్రిటన్‌లో 1977 నుంచి 1984 దాకా ఈ ప్రశ్న ఏ గుమాస్తా నోటిదురుసో కాదు, సాక్షాత్తూ చట్టం. ఆ ఏడేళ్ళ చరిత్ర తెలుసుకుంటే మన దగ్గర సదరం శిబిరాల ముందు బారులు తీరే స్త్రీల పరిస్థితి కూడా కొంత స్పష్టంగా అర్థమవుతుంది.

కథ 1942లో బెవరిడ్జి నివేదికతో మొదలవుతుంది. బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి పునాది అని పేరుపడిన ఈ నివేదిక పెళ్ళయిన స్త్రీని భర్త మీద ఆధారపడే మనిషిగా లెక్కవేసింది. ఆమె ఇంట్లో చేసే పని దేశానికి ఎంతో ముఖ్యమని పొగుడుతూనే, ఆమె బీమా హక్కు భర్త చందాలోంచి రావాలని నిర్ణయించింది. ఉద్యోగం చేసే వివాహిత కావాలనుకుంటే తక్కువ చందా కట్టి, స్వంత హక్కులు వదులుకోవచ్చు. చాలామంది అలాగే చేశారు. దాంతో మంచానపడిన రోజున వాళ్ళకి స్వంతంగా అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఈ లోటును మొదట గట్టిగా ఎత్తిచూపింది ఇద్దరు గృహిణులు. మేగన్ డు బోయిసన్, బెరిట్ మూర్ ఇద్దరికీ మల్టిపుల్ స్క్లిరోసిస్ జబ్బు. 1965లో వాళ్ళు పత్రికకి రాసిన ఉత్తరంతో 'డిజేబుల్‌మెంట్ ఇన్‌కమ్ గ్రూప్' అనే సంస్థ పుట్టింది. యుద్ధంలోనో ఫ్యాక్టరీలోనో దెబ్బతిన్నవాడికి పరిహారం ఉంది, ఇంట్లో ఉండి జబ్బుపడిన స్త్రీకి ఎందుకు లేదు అన్నదే వాళ్ళ ప్రశ్న. వైకల్యం ఎలా వచ్చిందన్నది చూడకుండా అందరికీ ఆదాయం ఇవ్వాలని అడిగారు. ఒక పెద్ద ఉద్యమానికి అది ఆరంభం.

పదేళ్ళ తర్వాత, 1975లో ప్రభుత్వం దిగివచ్చింది. చందాలు కట్టకపోయినా, పని చెయ్యలేని వికలాంగులకి పింఛను ఇస్తామంది. కానీ అది పురుషులకి, పెళ్ళికాని స్త్రీలకి మాత్రమే. మరుసటి ఏడు, వికలాంగులైన బంధువులను చూసుకోవడానికి ఉద్యోగం మానేసినవాళ్ళకి సంరక్షణ భత్యం ప్రవేశపెట్టింది. అందులోనూ భర్తతో కలిసి ఉండే స్త్రీకి చోటు లేదు. ఆమె ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అన్నది ప్రభుత్వం చెప్పుకున్న కారణం. విమర్శలు పెరగడంతో 1977 నవంబరులో వివాహితలకి విడిగా 'గృహిణుల పింఛను' వచ్చింది. పెళ్ళి చేసుకోకుండా పురుషుడితో కలిసి జీవించే స్త్రీ కూడా దీని కిందికే వస్తుంది.

దీనికొక షరతు పెట్టారు. బయట కూలిపని చెయ్యలేనని రుజువు చేసుకుంటే పురుషుడికి పింఛను వస్తుంది. వివాహిత మాత్రం దానితోపాటు 'మామూలు ఇంటిపనులు' కూడా చెయ్యలేనని రుజువు చేసుకోవాలి. వంట, బజారుపని, బట్టలు ఉతకడం, ఇల్లు శుభ్రం చెయ్యడం ఒక్కొక్కటీ లెక్కకొస్తాయి. అదే జబ్బున్న ఆమె భర్తను ఎవ్వరూ నీకు గిన్నెలు తోమడం వచ్చా అని అడగరు.

ఇంటిపనికి కొలత ఏమిటి? ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడగలవా అంటే జవాబు చెప్పొచ్చు. ఇంటిపని అలాంటిది కాదు. నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ, మధ్యమధ్య కూలబడుతూ, రోజంతా కష్టపడి కూర వండితే వండినట్టా, వండలేనట్టా? నిన్న చెయ్యగలిగి ఇవాళ లేవలేకపోతే? కీళ్ళవాతం, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి జబ్బులు ఒకరోజు ఉన్నట్టు మరొకరోజు ఉండవు. పిల్లలకి అన్నం పెట్టక తప్పదు కాబట్టి ఎలాగో లేచి పెట్టిన తల్లికి, ఆ పెట్టడమే ఆమె దరఖాస్తుకి వ్యతిరేకంగా సాక్ష్యమైంది.

తిరస్కారానికి గురైన స్త్రీలు ఊరుకోలేదు. అప్పీలు చేసుకున్నారు. స్థానిక ట్రిబ్యునల్, దానిపైన నేషనల్ ఇన్సూరెన్స్ కమిషనర్. 1978లో ఒక కేసులో కమిషనర్ నిబంధనను ఉదారంగా చదివాడు. ఇంటిపనుల్లో గణనీయమైన భాగం చెయ్యలేకపోతే చాలు, మిగిలినవి చెయ్యగలిగినా పింఛను ఇవ్వొచ్చన్నాడు. ప్రభుత్వం వెంటనే నిబంధననే మార్చేసింది. ఇకనుంచి ఆమె చెయ్యలేనిదాన్ని కాదు, చెయ్యగలిగినదాన్ని చూస్తారు. గణనీయంగా ఏ కొంచెం చెయ్యగలిగినా పింఛను లేదు. అప్పీలులో గెలిచినదాన్ని ఒక్క సవరణతో లాగేసుకున్నారు.

వికలాంగ స్త్రీల సమానహక్కుల కోసం ఉద్యమం బలపడింది ఈ కాలంలోనే. ఐరీన్ లోచ్, రూత్ లిస్టర్ 1978లో 'సెకండ్ క్లాస్ డిజేబుల్డ్' అనే నివేదిక రాశారు. 1980లో కరోలిన్ గ్లెన్డినింగ్ 'ఆఫ్టర్ వర్కింగ్ ఆల్ దీజ్ ఇయర్స్' ప్రచురించింది. ఇన్నేళ్ళూ పనిచేసిన తర్వాత, అని ఆ శీర్షికకి అర్థం. ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేసి, జబ్బుపడగానే 'గృహిణి'గా ముద్రపడిన స్త్రీల గోడు ఆ రెండు మాటల్లోనే ఉంది. తిరస్కరించబడిన స్త్రీల అనుభవాలను కూడగట్టడమే ఈ రచయిత్రులు చేసిన పని.

1984 నవంబరులో ఇంటిపని పరీక్ష రద్దయింది. సంతోషించేలోపే దాని స్థానంలో మరొకటి వచ్చింది. కొత్త భత్యం కావాలంటే ఇరవయ్యేళ్ళ లోపే పనిచేసే శక్తి పోయి ఉండాలి, లేదా 80 శాతం వైకల్యం ఉండాలి. నడివయసులో జబ్బుపడ్డ గృహిణులు మొదటి దాంట్లోకి రారు, రెండోదాన్ని అందుకోవడం కష్టం. పైకి స్త్రీ పురుషులిద్దరికీ ఒకటే నియమం. దెబ్బ మాత్రం మళ్ళీ స్త్రీల మీదే.

ఈలోగా యూరపు దేశాలు సామాజిక భద్రతలో స్త్రీ పురుషులకి సమానత్వం ఉండాలని 1978 డిసెంబరులో ఆదేశం చేసుకున్నాయి. ఆరేళ్ళ గడువు 1984 డిసెంబరుతో ముగిసింది. జాక్వెలిన్ డ్రేక్ వికలాంగురాలైన తల్లిని తనతో ఉంచుకుని చూసుకోవడానికి 1984లో ఉద్యోగం మానేసింది. సంరక్షణ భత్యం అడిగితే, భర్తతో ఉంటున్నావు కాబట్టి ఇవ్వమన్నారు. ఆమె కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1986 జూన్ 24న తీర్పు ఆమెకి అనుకూలంగా వచ్చింది. ఓడిపోతామని తెలిసిన ప్రభుత్వం తీర్పుకి ముందురోజే వివాహితలకి కూడా ఇస్తామని ప్రకటించింది. మరుసటి ఏడు జీన్ బోరీ క్లార్క్ కేసు. ఇంటిపని పరీక్షలో తిరస్కరించబడిన ఆమెను, ఆ పరీక్ష పోయిన తర్వాత కూడా, నువ్వు పాత పింఛనుదారువి కావు కాబట్టి కొత్త శాతం నిరూపించుకో అన్నారు. పాత వివక్షను ఇలా కొత్త నియమంలోకి మోసుకుపోవడం చెల్లదని న్యాయస్థానం తేల్చింది.

ఇక మన సంగతి. బ్రిటన్ ఆ 80 శాతాన్ని లెక్కగట్టింది పారిశ్రామిక గాయాల జాబితా ప్రకారం. అందులో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు 14, మధ్యవేలు 12, ఉంగరపువేలో చిటికెనవేలో అయితే 7. మన 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి జోడించిన షెడ్యూలు తీసి చూస్తే అక్కడా ఇవే అంకెలు: 30, 14, 12, 7. ఒంటిని ముక్కలుగా చేసి ధర కట్టే ఈ పద్ధతి ఫ్యాక్టరీ కార్మికుడి కోసం పుట్టింది. ఆ తర్వాత అదే ఆలోచన వైకల్య ధృవపత్రాల్లోకి పాకింది. 1995 చట్టం 40 శాతాన్ని హద్దుగా పెట్టింది. 2009లో కేంద్రం ప్రవేశపెట్టిన ఇందిరాగాంధీ వికలాంగుల పింఛనుకి దారిద్ర్యరేఖతోపాటు 80 శాతం కావాలన్నారు. ఇచ్చింది నెలకి 200, 2012లో 300. బ్రిటన్ గృహిణులను వెనక్కి పంపిన అంకె మన దగ్గర మళ్ళీ ప్రత్యక్షమైంది.

2001లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో చేతి వైకల్యాన్ని కొలిచే భాగం ఒకటుంది. చెయ్యి ఎంత సమన్వయంతో కదులుతుందో చూడడానికి పది పనులు, ఒక్కొక్కదానికి 9 శాతం. పైనున్న వస్తువు దించి మళ్ళీ పెట్టడం, ముక్కు తాకడం, చేత్తో అన్నం తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, గ్లాసెత్తి నీళ్ళు తాగడం, కడుక్కోవడం, నాడానో పంచెనో కట్టుకోవడం, రాయడం. ఈ పదిలో అన్నం వండడం లేదు, తినడమే ఉంది. గంజి వార్చడం, బిందె ఎత్తడం, బట్టలు పిండడం, చంటిబిడ్డను ఎత్తుకోవడం ఏవీ లేవు. తన ఒంటికి తాను చేసుకునేదే చూస్తారు. పదిమందికి చేసేది ఎవరికీ కనిపించదు.

బ్రిటన్‌లో ఇంటిచాకిరీని లెక్కపెట్టింది తిరస్కరించడానికి. ఇక్కడ అసలు లెక్కే పెట్టరు. రెండింటి ఫలితం ఒకటే. నిజానికి మన న్యాయస్థానాలకి ఈ సంగతి తెలియక కాదు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు, అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవకి నెలకి 3,000 రూపాయల చొప్పున విలువ కట్టింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో, డాక్టరు చెప్పే శాతమే జీవనోపాధి నష్టం కాదంది. ఎడమచెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తాకి అంత నష్టం లేకపోవచ్చు అని ఉదాహరణ ఇచ్చింది. ఆ వరుసలో వంటింటి మనిషిని మనమే చేర్చుకోవాలి. రెండు చేతులూ లేనిదే అన్నం వార్చలేం కదా. కానీ ఈ ఆలోచన మోటారు ప్రమాదాల కేసుల దగ్గరే ఆగింది. పింఛను ఇచ్చే బల్ల దాకా రాలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం కొంత చోటిచ్చింది. వికలాంగ స్త్రీల జీవనోపాధికీ పిల్లల పెంపకానికీ సాయం చెయ్యాలని 24వ సెక్షను చెబుతుంది. ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యం గురించి కూడా అందులో ఉంది. ధృవపత్రం మీద అసంతృప్తి ఉంటే అప్పీలు చేసుకునే హక్కు 59వ సెక్షనులో ఉంది. ఈ అప్పీలు ఎంత అవసరమో 2025లో ఆంధ్రప్రదేశ్‌లో తెలిసింది. వికలాంగ పింఛన్ల పునఃపరిశీలనలో శాతం తగ్గినవారికి నోటీసులు వెళ్ళాయి. ఒకప్పుడు 40 దాటినవాళ్ళే మరో పరీక్షలో దాని కిందికి పడిపోయారు. మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ బస్సు ఛార్జీలు, తోడు రావడానికి ఒక మనిషి.

ఆ అప్పీలు కాగితంలో సాధారణంగా ఏం రాస్తారు? ఫలానా జబ్బు, ఫలానా శాతం, బీదరాలిని, దయ చూపండి అని. పొద్దున్న లేచింది మొదలు ఆమె ఏ పని చేసేది, ఇప్పుడు ఏది ఎంతసేపు పడుతోంది, ఏది మానేసింది, మానేసిన పని ఎవరి నెత్తిన పడింది, కూతురు బడి మానేసిందా, ముసలి తల్లి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుందా అన్నవి కూడా రాయాలి. ఫారంలో గడి లేకపోతే విడి కాగితం జతచెయ్యాలి. శాతం మార్చే అధికారం డాక్టరుదే కావచ్చు, కానీ ఏం పోగొట్టుకున్నదో చెప్పాల్సింది ఆమె.

లోచ్, లిస్టర్, గ్లెన్డినింగ్ ఆనాడు ఆ తిరస్కారాలను పోగుచెయ్యకపోతే ఇంటిపని పరీక్ష ఒక నిబంధనగా పుట్టి, నిబంధనగానే మాసిపోయేది. రాసే స్త్రీలుగా, చదువు చెప్పే స్త్రీలుగా మన ముందున్న పని కూడా అదే. మండలాఫీసుల్లో, ఆసుపత్రి బల్లల మీద పడి ఉన్న ఆ అప్పీళ్ళు మన శ్రమ చరిత్రకి ఆధారాలు. వాటిని రాయడంలో తోడుండాలి, రాసినవాటిని భద్రం చెయ్యాలి.