గోడ మీద తారీఖు

శ్రీహరికోటలో రాకెట్టు ఎగురుతోందంటే సూళ్లూరుపేటలో మా అమ్మమ్మగారింటి డాబా మీద తిరణాలే! కిందటిసారి అందరూ తూర్పుకేసి తలలెత్తి చూస్తుంటే, నేను మాత్రం చెంప మీద ఠప్పున కొట్టుకున్నాను. దోమ! ఆకాశాన్నందుకున్నాం గాని దీన్ని అందుకోలేకపోయామే అని అందరం నవ్వుకున్నాం.

మెట్లు దిగుతూ వీధి గోడ చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది.

మా చిన్నప్పుడు మలేరియా వాళ్లు బకెట్లు, పంపులు పట్టుకుని వచ్చి ఇంటిగోడలకి డి.డి.టి. కొట్టి, వాకిట్లో గోడ మీద తారీఖు వేసి వెళ్లేవారు. తెల్లటి చారలు చూసి అమ్మమ్మకి ఒళ్లు మండేది. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే సున్నం కొట్టించేసేది. తారీఖూ పోయేది, మందూ పోయేది.

ఆ మందు కిటుకు నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు. మలేరియా దోమ రక్తం తాగి, ఒళ్లు బరువెక్కి దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుంది. గోడకున్న మందు కాళ్లకంటి చస్తుంది. అంటే గోడే వల. దాని మీద సున్నం వేస్తే ఇంకేముంది?

అసలు ఈ దోమగారి గుట్టు రట్టయింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కాటుకో అణా ఇచ్చాడట. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కి అణాలే మిగిలాయి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో మొదలైన డి.డి.టి. యుద్ధంతో 1965 నాటికి అది లక్షకి దిగింది. ఇక గెలిచేశాం అనుకున్నాం. దోమలు మందుకి అలవాటు పడ్డాయి, మనం ఏమరుపాటుకి అలవాటు పడ్డాం. 1976లో మళ్లీ 64 లక్షలు!

ఓ ఏడాది సున్నం కొట్టించిన కొన్నాళ్లకే చిన్నమామయ్యకి చలిజ్వరం. మూడు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడేది. అమ్మమ్మ చెంగాళమ్మకి మొక్కుకుంది. మామయ్య బతికాడు. సున్నం వల్లే వచ్చిందని నేననను. కాని ఆవిడకి ‘జరగండమ్మా, మందు కొట్టాలి’ అన్నవాళ్లే గాని, ఎందుకో చెప్పినవాళ్లు లేరు. చెప్పి ఉంటే బిడ్డల తల్లి ఆ గోడ ముట్టుకునేదా?

ఇప్పుడు డెంగీ దోమ వంతు. అది మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలోనే పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. తొట్లు వారానికోసారి ఖాళీచేసి, తోమి, ఎండబెట్టమనేది అందుకే.

ఆ రాత్రే మళ్లీ డాబా ఎక్కి, నీళ్ల డ్రమ్ములోకి టార్చిలైటు వేసి చూశాను. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అత్తయ్యా నేనూ కలిసి డ్రమ్ము వంచేశాం. ఎందుకో ముందే చెప్పాను లెండి!