హడ్సన్ రేవులో ఒక కెమెరా

న్యూయార్క్ చూడవచ్చిన చుట్టాలని మనలో చాలామంది మన్‌హట్టన్ పడమటి ఒడ్డున, హడ్సన్ నది పక్క పార్కుకి తీసుకెళ్ళే ఉంటారు. ఆ పచ్చిక, ఆ బెంచీలు రాకముందు అక్కడ ఎవరుండేవారో, ఆ సంగతి మనదాకా ఎలా చేరిందో ఈవేళ చెప్పుకుందాం.

గ్రెనిచ్ విలేజ్ పేటని ఆనుకుని ఒకప్పుడు ఓడరేవులుండేవి. కంటెయినర్లు వచ్చాక సరుకు రవాణా నది దాటి న్యూజెర్సీలోని న్యూవార్క్, ఎలిజబెత్ రేవులకి తరలిపోయింది. ఇక్కడ పాడుబడ్డ షెడ్లు మిగిలాయి. పక్కనే క్రిస్టఫర్ స్ట్రీట్. 1969 జూన్‌లో స్టోన్‌వాల్ బార్ మీద పోలీసులు దాడి చేస్తే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తిరగబడింది ఆ వీధిలోనే. ఇంట్లోంచి గెంటివేయబడ్డ పిల్లలు, వేరే చోటులేని ప్రేమికులు ఆ షెడ్లలో చేరేవారు. వాళ్ళలో నల్లవారు, పోర్టోరికన్లు చాలామంది.

ఆల్విన్ బాల్‌ట్రాప్ 1948లో బ్రాంక్స్‌లో పుట్టిన నల్లజాతి ఫోటోగ్రాఫర్. నేవీలో చేసి వచ్చి, టాక్సీ నడిపేవారు. 1975 నుంచి 1986 దాకా ఈ రేవులనే ఫోటోలు తీశారు. టాక్సీతో టైము చాలడం లేదని అది మానేసి, వ్యానులో సామాన్లు చేరవేసే పని పెట్టుకున్నారు. రోజుల తరబడి రేవు దగ్గర ఆ వ్యానులోనే కాపరం. స్త్రీలతోనూ పురుషులతోనూ ప్రేమబంధాలున్న ఆయనకి అక్కడివాళ్ళు పరాయివాళ్ళు కారు. ఎండ కాగుతున్న జంటలు, తుప్పుపట్టిన ఇనుము, శవం చుట్టూ మూగిన పోలీసులు, అన్నీ తీశారు. మార్షా పి. జాన్సన్‌నీ తీశారు. 1970లో సిల్వియా రివేరాతో కలిసి, వీధిన పడ్డ ట్రాన్స్ పిల్లల కోసం సంఘం పెట్టి, నీడ చూపించిన నల్లజాతి మనిషి ఆమె. 1992 జులైలో ఆమె శవం ఈ నదిలోనే తేలింది.

గ్యాలరీలు బాల్‌ట్రాప్‌ని దాదాపు పట్టించుకోలేదు. ఈ ఫోటోలు దొంగిలించావా అని అడిగినవారూ ఉన్నారట. 2004లో కేన్సర్‌తో పోయారు. 2008లో ఆర్ట్‌ఫోరమ్ పత్రిక ఆ ఫోటోలు వేసింది. 2019లో బ్రాంక్స్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఈలోగా, 1998 చట్టంతో ఒడ్డు పార్కుగా మారసాగింది, కంచెలు లేచాయి. 2000లో నల్లజాతి, లాటినో యువతీయువకులు ఎక్కువగా ఉన్న ఫియర్స్ అనే సంస్థ పుట్టింది. మరుసటి ఏడాదే వాళ్ళు ఆ రేవు చరిత్ర మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. ఇది మా చోటు అనాలంటే ముందు చరిత్ర చూపించాలని గ్రహించారన్నమాట. రాత్రిళ్ళు గోలగా ఉందని ఇరుగుపొరుగులు పార్కుని పెందలాడే మూయమంటే, ఈ పిల్లలు పేట బోర్డు మీటింగులకి వెళ్ళి వాదించారు. రాత్రి 1 గంట దాకా తెరిచి ఉంచే పద్ధతే నిలిచింది.

2021లో నల్లజాతి కళాకారుడు డేవిడ్ హామన్స్ 52వ రేవు షెడ్డు ఆకారాన్ని ఉక్కుకడ్డీలతో నిలబెట్టారు. గోడలూ లేవు, కప్పూ లేదు. అందులో ఒకప్పుడు మసలిన మనుషులెవరో బాల్‌ట్రాప్ ఫోటోలు చెబుతాయి.

మన తెలుగు ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలున్నారు. ఇంట్లో చోటు దొరికిన పిల్లలకి రేవులు వెతుక్కునే అవసరం ఉండదు. ఈసారి చుట్టాలతో అటు వెళ్ళినప్పుడు, ఈ కథ కూడా చెప్పండి.

సెలవు.