తోలుబొమ్మ కీలు – కంప్యూటరు బొమ్మ మేను

బొమ్మకు రూపము నిచ్చుట యొక విద్య. రూపమునకు చలనము నిచ్చుట రెండవ విద్య. చలించు మేనికి మాంసపు మెత్తదనము నిచ్చుట మూడవ విద్య. మొదటి రెండును మన సీమకు చిరపరిచితములు. మూడవది గడచిన నలుబది యేండ్లలో కంప్యూటరు యంత్రమున పెరిగినది. ఈ మూడింటికి గల చుట్టరికమును నేడు మనవి చేసెదను.

మన శ్రీకాళహస్తిలో కలంకారీవారు రామాయణ భారత కథలను వస్త్రముపై కలముతో వ్రాయుదురు. ఆ సీతమ్మ కొంగు గాలికి కదలుచున్నట్లే తోచును, కాని కదలదు. బొమ్మను కదలించినవారు తోలుబొమ్మలాటవారు. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటను పేర్కొనెను గాన, ఈ విద్య యెంత ప్రాచీనమో యూహింపవచ్చును. మనకు పొరుగున, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట గ్రామము దీనికి ప్రసిద్ధము. అచటి కళాకారులు ఇంట మరాఠీ మాండలికమును, తెరవెనుక తెలుగును పలుకుదురు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను.

తోలుబొమ్మ నిర్మాణమును గమనింపుడు. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, వెలుతురు చొచ్చునంత పలుచగా నారబెట్టుదురు. తల, మొండెము, భుజము, ముంజేయి, తొడ, పిక్క వేర్వేరుగా కోసి, నగలున్న చోట ఉలితో రంధ్రములు పొడిచి, రంగులు పూసి, ముక్కలను దారపు ముడులతో కూర్తురు. ఆ ముడియే కీలు. నడుమ నిలువుగా నొక బద్ద, చేతులకు వేరు పుల్లలు ఉండును. కాళ్లను మాత్రము వదలివేయుదురు. బద్దను వంచిన కొలది అవి తమ బరువుచేతనే యూగును. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు భారతదేశమున మిక్కిలి పెద్దవి. కొన్ని మనిషి యెత్తుండును.

ఇందొక మర్మము కలదు. ఆటగాడు ప్రతి యవయవమును తానే కదలింపడు. కొంత తాను పట్టును, కొంత బరువునకు వదలును. బంగారక్క నడకలోని కులుకు సగము చేతిది, సగము వదులుముడిది. అయినను ఒక కొరత మిగిలెను. ముడి వంగును గాని ముక్క వంగదు. బొజ్జ యదరదు, చెక్కిలి వణకదు. ఆ కొరతను దీపపు వెలుగు కొంత తీర్చెను. బొమ్మను తెరకు అదిమినచో గీత స్పష్టమగును. దూరము జరిపినచో నీడ పెరిగి యంచులు మెత్తబడును.

ఇక కంప్యూటరు బొమ్మకు వత్తము. దాని మేను కొన్ని వేల ముడులు గల వల వంటిది. లోపల ఎముకల గూడు నుంచి, వలను దానికి కట్టుదురు. ఎముకను కదల్చిన వల కదలును. కాని గంతు వేసి నిలిచిన భటుని బొజ్జ రాతివలె నిలిచిపోవును. అది యదరవలెనన్న చిత్రకారుడు ప్రతి చిత్రమును చేతితో దిద్దవలసివచ్చెను. సెకనునకు ఇరువదినాలుగు చిత్రములు గదా!

ఈ చిక్కును విప్పినది పాత సూత్రమే. స్ప్రింగు ఎంత సాగునో అంత బలముతో వెనుకకు లాగునని ఇంగ్లండులో రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. 1987లో టెర్జోపౌలోస్, ప్లాట్, బార్, ఫ్లైషర్ అను నలుగురు పండితులు సాగి ముడుగు వస్తువుల గణితమును బొమ్మలకు అన్వయించి చూపిరి. దాని సులభరూపమిది: వలలోని ప్రతి ముడికి కొంత బరువు నిత్తురు, ముడికిని ముడికిని నడుమ కంటికి కనబడని స్ప్రింగు నుంతురు. కపిల తోలినవారికి తెలియును. నీరు నిండిన తోలుబాన పైకి వచ్చి నిలిచిన పిమ్మటను కొంతసేపు జలజల వణకి, క్రమముగా శాంతించును. ఎముక నిలిచిన తరువాత బొమ్మ బొజ్జయు నట్లే వణకి కుదుటపడును. యంత్రము క్షణక్షణమునకు ఆ లాగుడును లెక్కించును.

లెక్కయందు నొక గండము కలదు. స్ప్రింగు గట్టిదై, లెక్కించు అడుగు పెద్దదైనచో బొమ్మ చెల్లాచెదరగును. వస్త్రముల విషయమున పెద్ద యడుగులు వేసినను చెదరని పద్ధతిని బరాఫ్, విట్కిన్ 1998లో చూపిరి. అంతకు ముందటి యేడు పిక్సారువారు "గెరీస్ గేమ్" అను చిన్న చిత్రమున ముసలివాని కోటును ఇట్టి లెక్కలతోనే కదల్చిరి.

ఇవి ధనవంతుల కొలువులలోని సంగతులు. సామాన్యుని యింటికి ఈ విద్య వచ్చిన తీరు మరింత రమ్యము. హాలెండు దేశస్థుడైన టాన్ రోజెండాల్ నిర్మించిన బ్లెండరు అను సాధనము 2002లో మూతపడవలసిన స్థితికి వచ్చెను. అభిమానులు ఏడు వారములలో లక్ష యూరోలు చందా వేసికొని దానిని విడిపించిరి. ఆ యేడు అక్టోబరు 13న అది సర్వజనుల సొత్తయ్యెను. దానికి 2005లో మెత్తని మేని గణితమును, 2008లో వస్త్రగణితమును చేర్చిరి. 2008లోనే జపానులో మికుమికుడాన్స్ అను ఉచితసాధనము వెలువడెను. పిమ్మట అందు జడకును పావడకును గట్టిముక్కలను గొలుసుగా కీలించి ఊపు కల్పించిరి. చూడుడు, అది మన తోలుబొమ్మ యుపాయమే! ముక్క గట్టిది, ముడి వదులు.

బ్లెండరులో ప్రతి ముడికి సున్న మొదలు ఒకటి వరకు నొక యంకె నీయవచ్చును. ఒకటి యన్నచో ఆ ముడి ఎముకను వదలదు. సున్న యన్నచో బరువునకు వశమగును. ముఖమునకు ఎంత, బొజ్జకు ఎంత, కొంగునకు ఎంత యని నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే. అన్నిటికి సున్న యిచ్చినచో బొమ్మ కూలిపోవును; అన్నిటికి ఒకటి యిచ్చినచో కొయ్యయగును. ఏది పట్టవలెను, ఏది వదలవలెను అను వివేకమును యంత్రము నేర్పదు. అది మన తెరవెనుక తరతరములుగా నున్నది.

ఆ తెరలు నేడు అరుదైనవి. బొమ్మలాడించిన కుటుంబములలో పెక్కండ్రు దీపపు గూళ్లును గోడ యలంకారములును చేసి జీవించుచున్నారు. అందువలన తోలుపని నిలుచును గాని, ఆట చూడకున్న ఆడించు చేతివాటము నిలువదు. కలంకారికి శ్రీకాళహస్తిలో 1957లో శిక్షణాలయము పెట్టినందున ఆ విద్య మరల చిగిర్చెను. బొమ్మలాటకును అట్టి యాదరణ కావలెను. గ్రామపెద్దలారా! జాతరనాడు ఒక్క రాత్రి తెర కట్టింపుడు. జుట్టుపోలిగాడు ఎట్లు తూలెనో, బంగారక్క ఎచట నడుము విరిచెనో చూచినవారు మీరు. కంప్యూటరు ముందు కూర్చున్న మనుమనికి దానిని చెప్పుడు. సాధనము వానికి ఉచితముగా దొరకినది. ముడి వదలవలసిన చోటు మాత్రము మీరు చూపవలసినదే.