న్యూటను పట్టణము: దాని ఐశ్వర్యమును, దాని గుమ్మములును

అమెరికా దేశపు తూర్పు తీరమున, మాసచూసెట్సు రాష్ట్రములో, బోస్టను నగరమునకు పడమరగా సుమారు ఏడు మైళ్ల దూరమున న్యూటను అను పట్టణము గలదు. మన పల్లెలలో దాని పేరు వినినవారు బహు కొద్దిమంది. అయినను నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల సంఘముల చరిత్రకును ఆ ఊరికిని ఒక సంబంధమున్నది. అది చెప్పుటకు ముందు ఆ ఊరెట్టిదో, ఎట్లు పెరిగినదో తెలిసికొందము.

న్యూటను ధనవంతుల ఊరు. 2020 జనాభా లెక్కల చొప్పున అందులో ఇంచుమించు 89 వేలమంది కాపురమున్నారు. ఒక పట్టణమనుటకంటె పదమూడు పల్లెల కూడిక అనుట సరిగా ఉండును. చార్లెసు నది దాని అంచున చుట్టి పారుచున్నది. పెద్ద చెట్లు, పచ్చిక బయళ్లు, విశాలమైన ఇండ్లు ఉండుటచేత దానికి 'తోటల పట్టణము' అను పేరు కలిగినది. అక్కడ సామాన్యమైన ఇల్లు సయితము పది లక్షల డాలర్లకు తక్కువగా దొరకుట అరుదు.

మొదట అది అట్టిది కాదు. 1639లో జాను జాక్సను అను ఇంగ్లీషువాడు అక్కడ స్థిరపడెను. అప్పుడది కేంబ్రిడ్జి అను ఊరిలో ఒక భాగము. 1688లో అది వేరుపడెను. 1766లో న్యూటను అను పేరు స్థిరమాయెను. ఇంచుమించు రెండు వందల ఏండ్లు అది రైతుల ఊరే. నది దుముకు చోట్ల నీటి బలముచేత మొదట కలప కోయు మిల్లును, తరువాత కాగితపు మిల్లులును నడచినవి. 1834లో బోస్టను నుండి రైలు వచ్చుటతో ఊరి గతి మారెను. పగలు నగరములో వ్యాపారము చేసి, సాయంకాలము చల్లని పల్లెకు వచ్చి నిద్రించుట వర్తకులకు సాధ్యమాయెను. పొలములు ఇండ్ల స్థలములాయెను. నగరపు ధనము రైలెక్కి పల్లెకు వచ్చెననవచ్చును.

చదువరులారా, ఒక ఊరి ఐశ్వర్యమును దాని ఇండ్లను చూచి లెక్కింపవచ్చును. దాని గొప్పతనమును తెలిసికొనుటకైతే ఆ ఇండ్ల గుమ్మములయొద్ద ఏమి జరిగెనో చూడవలెను. న్యూటనులో మూడు గుమ్మములను చూతము.

మొదటిది ఒక గుడిసె గుమ్మము. తెల్లవారు రాకమునుపు ఆ నేల అమెరికా ఆదివాసులది. రాక్సుబరీ సంఘపు కాపరియైన జాను ఎలియటు వారి భాషను కష్టపడి నేర్చుకొని, 1646 అక్టోబరు 28న నోనాంటము అను చోట వాబాను అను పెద్ద గుడిసెలో వారి భాషలోనే వాక్యము చెప్పెను. ఆ గుడిసెవారు పరదేశిని లోనికి పిలిచి కూర్చుండబెట్టి వినిరి. తరువాత ఎలియటు బైబిలు అంతయు వారి భాషలోనికి మార్చెను. 1663లో అచ్చయిన ఆ గ్రంథమే అమెరికా ఖండములలో ముద్రింపబడిన మొదటి సంపూర్ణ బైబిలు.

అయితే ఆ ఆదివాసులకు దొరికిన ప్రతిఫలమేమి? 1651లో వారు నోనాంటము విడిచి నేటికు అను చోటికి పోయిరి. 1675లో తెల్లవారికిని ఆదివాసులకును యుద్ధము వచ్చినప్పుడు, నేటికులోని విశ్వాసులను సయితము శత్రువులవలె ఎంచి, బోస్టను రేవులోని డీరు దీవికి తరలించిరి. ఆ చలికాలములో ఆకలిచేతను చలిచేతను అనేకులు చనిపోయిరి. ఎలియటు వారి పక్షమున మాటలాడెను గాని వినినవారు కొద్దిమంది. నేడు న్యూటను పదమూడు పల్లెలలో ఒకదానికి నోనాంటమనియు, మరియొకదానికి వాబాననియు పేర్లున్నవి. పేర్లు నిలిచినవి, ఆ పేర్లు పెట్టుకొనినవారికి ఆ నేల నిలువలేదు.

రెండవది ఒక ధనవంతుని ఇంటి గుమ్మము. 1809లో తిమోతి జాక్సను కట్టించిన ఇంటిలో ఆయన కుమారుడు విలియము జాక్సను కాపురముండెను. ఆయన సబ్బులు, కొవ్వొత్తులు చేయించు వ్యాపారి. అమెరికా పార్లమెంటులో సభ్యుడుగా ఉండెను. రైలు రావలెనని పాటుపడినవారిలో ఒకడు. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో నల్లవారు బానిసలుగా అమ్మబడుచుండిరి. తప్పించుకొని ఉత్తరమునకు పారిపోవువారిని ఒక ఇంటినుండి మరియొక ఇంటికి రహస్యముగా చేర్చు మార్గమునకు 'భూగర్భ రైలు' అని పేరు. 1850 నాటి చట్టము చొప్పున అట్టివారికి ఆశ్రయమిచ్చినవానికి వెయ్యి డాలర్ల వరకు జరిమానాయు, ఆరు నెలల వరకు చెరయు కలదు. అయినను జాక్సనుగారి గుమ్మము వారికి తెరువబడెను. రాత్రివేళ అట్టివారు వచ్చిన సంగతిని ఆయన కుమార్తె తరువాత జ్ఞాపకము చేసికొని చెప్పెను. ఆ ఇల్లు ఇప్పుడు పట్టణపు మ్యూజియము.

మూడవది దేవుని మందిరపు గుమ్మము. బానిసత్వము తొలగిన తరువాత కొందరు నల్లవారు పడమటి న్యూటనులో స్థిరపడి, అక్కడి ఒక బాప్తిస్టు సంఘములో చేరిరి. చేర్చుకొనిరి గాని వారికి వెనుక బల్లలు చూపిరి. 1874లో వారు బయటికి వచ్చి మర్టిల్ బాప్తిస్టు సంఘమును స్థాపించుకొనిరి. 1897లో వారి మందిరము కాలిపోగా మరల కట్టుకొనిరి. 1960 దశాబ్దపు ఆరంభమున బోస్టనుకు పెద్ద రస్తా వేయునప్పుడు, ఆ సంఘస్థుల పేట మీదుగా వేసి అనేకుల ఇండ్లు పడగొట్టిరి. అయినను ఆ సంఘము చెదరిపోక నేటికిని నిలిచియున్నది.

ఇక మన సంగతి. 1842 నుండి 1854 వరకు న్యూటను సెంటరు అను పల్లెలో బాప్తిస్టు సంఘపు కాపరిగా నుండినవారు శామ్యూలు ఫ్రాన్సిసు స్మిత్తుగారు. అమెరికావారు పాడుకొను ప్రసిద్ధమైన దేశభక్తి గీతమును 1831లో వ్రాసినవారాయనే. 1853లో ఆల్బనీ పట్టణమున జరిగిన మిషను సభలో నెల్లూరు మిషనును మూసివేయవలెనా అను చర్చ వచ్చెను. ఎన్నో ఏండ్లు పనిచేసినను ఫలము కొద్ది; పటముమీద తెలుగు దేశమంతటికి వారి గుర్తు ఒక్కటే. అది ఒంటరి నక్షత్రమని ఒకరనిరి. ఆ మాట స్మిత్తుగారి హృదయమున నాటుకొనగా, ఆయన ఆ రాత్రియే 'ఒంటరి నక్షత్రము' అను గీతము వ్రాసిరి. అది వినిన సభవారు మిషనును మూయలేదు. ఇరువదియైదు ఏండ్ల తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరి బయటి పాలెములవారు. ఎవరి గుమ్మమునను అడుగుపెట్ట నియ్యబడనివారు.

గమనించుడి. ఎన్నడును చూడని తెలుగువారి కొరకు గీతము వ్రాసిన కాపరి న్యూటనువాడే. పొరుగువానికి వెనుక బల్ల చూపినది కూడ న్యూటనులోని సంఘమే. దూరమున నున్నవానిని ప్రేమించుట ఒకటి. ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మరియొకటి. ఈ రెండవది కష్టము. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటును, మురికి బట్టలవానికి పాదపీఠపు చోటును చూపు సంఘములను గూర్చి యాకోబుగారు తన పత్రిక రెండవ అధ్యాయములో ఏమి వ్రాసెనో ఇంటిలో తీసి చదువుకొనుడి.

మనకు న్యూటను వంటి మేడలు లేవు. అయినను మన మందిరములోను చాపలున్నవి, బల్లలున్నవి. వేరొక పేటనుండి, వేరొక కులమునుండి, కూలిపనికి వచ్చిన కుటుంబమొకటి వచ్చే ఆదివారము మన గుమ్మమున నిలిచినయెడల, లోపల వారికి ఏ చోటు చూపుదుము?