కేసు చెప్పే చదువు

విశాఖ కేజీహెచ్‌లోనో, హైదరాబాదు ఉస్మానియాలోనో పొద్దున రౌండ్స్ వేళకు మెడిసిన్ వార్డులో ఏదో ఒక మంచం చుట్టూ తెల్లకోట్లు గుమిగూడి ఉంటాయి. వాళ్లలో ఒకరు రోగి వయసు, ఊరు, చేసే పని చెప్పి, ఏ బాధ ఎప్పుడు మొదలైందో వరసగా అప్పజెబుతుంటారు. ప్రొఫెసర్ మధ్యలో ఆపుతారు. "జ్వరం ముందొచ్చిందా, కాళ్ల వాపు ముందొచ్చిందా?" తెలియకపోతే ఆ విద్యార్థి అక్కడికక్కడే రోగి వైపు వంగి, "అమ్మా, కాళ్లు ఎప్పటినుంచి వాస్తున్నాయి?" అని అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ తర్వాత అసలు ప్రశ్నలు వస్తాయి. నీ డయాగ్నోసిస్ ఏమిటి? ఎందుకనుకుంటున్నావు? అది కాకపోతే ఇంకేం కావచ్చు? ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్, షార్ట్ కేస్ పేరుతో పిల్లల గుండెల్లో రైళ్లు పరుగెత్తించేదీ ఇదే.

వైద్యం అనాదిగా ఇలాగే నేర్పుతున్నారేమో అనిపిస్తుంది. నిజానికి ఒక రోగి కథను పదిమంది ముందు పెట్టి, జబ్బేమిటో పైకి ఆలోచిస్తూ తేల్చి, ఆ తేల్చింది ఒప్పో తప్పో అందరి ముందే సరిచూసుకునే పద్ధతికి ఒక రూపం వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే. దాని ముక్కలు మాత్రం అంతకుముందే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఊళ్లలో తయారయ్యాయి.

అన్నిటికంటే పాతది కేసు రాసుకోవడం. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేరిట నిలిచిన ‘ఎపిడెమిక్స్’ ఒకటి, మూడు భాగాల్లో 42 మంది రోగుల వివరాలున్నాయి. ఏ రోజు జ్వరం పెరిగింది, మూత్రం ఎలా ఉంది, ఎన్నోరోజు కలవరింతలు మొదలయ్యాయి అంటూ రోజువారీగా రాసుకున్నారు. ఆ 42 మందిలో 25 మంది చనిపోయారు. నయమైనవాళ్ల గొప్పలు మాత్రమే చెప్పుకుని మిగతావి దాచేయొచ్చు. దాచలేదు. ఈ చదువుకు తొలి పునాది ఆ నిజాయితీయే.

పద్దెనిమిదో శతాబ్దంలో హాలెండు దేశపు లైడెన్ నగరం వైద్య విద్యార్థులకు కాశీ లాంటిది. అక్కడ హెర్మన్ బోర్హావే అనే ప్రొఫెసర్ పన్నెండు మంచాల చిన్న వార్డులో, రోగి పక్కనే నిలబడి పాఠం చెప్పేవాడు. 1723లో ఆయన్ను డచ్చి నౌకాదళాధిపతి వాసెనార్ ఇంటికి హుటాహుటిన పిలిపించారు. వాసెనార్ విందులో బాగా తిని, పొట్ట బరువుగా ఉందని వాంతికి మందు పుచ్చుకున్నాడు. వాంతి చేసుకుంటుండగా లోపల ఏదో తెగిపోయినట్టు భరించలేని నొప్పి వచ్చింది. పడుకోలేడు, నిటారుగా కూర్చోలేడు. ముందుకు వంగి అల్లాడిపోయాడు. బోర్హావేకి తెలిసిన జబ్బులేవీ ఆ లక్షణాలకు అతకలేదు. రోగి మర్నాడు చనిపోయాడు.

అక్కడితో వదిలేయకుండా బోర్హావే శవాన్ని కోసి చూశాడు. ఛాతీ తెరవగానే బాతు మాంసం వాసన వచ్చింది. తిన్నది కడుపులో ఉండకుండా ఊపిరితిత్తుల చుట్టూ చేరింది. వెతికితే అన్నవాహిక అడ్డంగా తెగిపోయి కనిపించింది. తాను కనిపెట్టలేకపోయిన ఈ కేసును మరుసటి ఏడాది పూర్తి వివరాలతో అచ్చు వేశాడు. ఆ జబ్బుకు వైద్యులు ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు.

ఇదే పనిని ఒక జీవితకాలం పాటు చేసినవాడు ఇటలీలోని పాదువాలో అనాటమీ ప్రొఫెసర్ మోర్గాన్యీ. ఆయన 79 ఏళ్ల వయసులో, 1761లో వెలువరించిన ఉద్గ్రంథంలో దాదాపు 700 కేసులున్నాయి. బతికుండగా రోగి ఏం చెప్పాడు, పోయాక లోపల ఏం కనిపించింది అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. లక్షణాన్ని బట్టి వెతుక్కోవడానికి ఒక సూచిక, శవంలో కనబడినదాన్ని బట్టి వెతుక్కోవడానికి వేరొక సూచిక ఇచ్చాడు. దగ్గుతూ ఆయాసపడే రోగి వస్తే, అలాంటివాళ్ల లోపల ఏమేం దొరికాయో పుస్తకం తిప్పి చూసుకోవచ్చన్నమాట. జబ్బు ఒంట్లో ఎక్కడుందని డాక్టర్లు అడగడం అలవాటు చేసుకున్నది ఆ పుస్తకం తర్వాతే.

ఇంగ్లండులో జార్జ్ పేజెట్ 1842లో కేంబ్రిడ్జి వైద్య పరీక్షలో విద్యార్థిని రోగి మంచం దగ్గరికి పంపే ఏర్పాటు చేశాడు. మన లాంగ్ కేస్‌కు మూలపురుషుడు ఆయనే. 1890లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం ఆస్లర్ విద్యార్థులను వార్డుల్లో పనికి పెట్టి, రోగిని చూస్తూ నేర్చుకోవడాన్ని చదువులో భాగం చేశాడు.

మిగతా చోట్ల మాత్రం చదువంటే ఉపన్యాసమే. హార్వర్డు వైద్య కళాశాలలో వాల్టర్ కానన్ అనే విద్యార్థి ఆ ఉపన్యాసాలతో విసిగిపోయాడు. మధ్యాహ్నాలు గంటల తరబడి ఒకరి తర్వాత ఒకరు చెబుతూ పోవడం, వీళ్లు రాసుకుంటూ పోవడం. అతని గదిలో ఉండే స్నేహితుడు హ్యారీ బిగెలో అక్కడే లా చదువుతున్నాడు. లా కాలేజీలో 1870 నుంచీ డీన్ లాంగ్‌డెల్ పెట్టిన పద్ధతి వేరు. సూత్రాలు అప్పజెప్పడం ఉండదు. కోర్టు తీర్పులిచ్చి వాటి మీద వాదించమంటారు. బిగెలో, అతని తోటివాళ్లు అన్నం దగ్గర కూడా ఆ కేసుల గురించే పోట్లాడుకుంటుంటే కానన్‌కు తమ చదువులో అంత ఉత్సాహం ఎందుకు లేదా అనిపించింది.

ప్లీడర్లు నేర్చుకునే తీరులో డాక్టర్లు ఎందుకు నేర్చుకోకూడదు? కానన్ వెళ్లి అధ్యాపకుడు వాల్టన్‌ను ఒప్పించాడు. వాల్టన్ తన సొంత ప్రాక్టీసులోని ఒక రోగి వివరాలను కాగితం మీద అచ్చు వేయించి, వారం ముందే పిల్లలకు పంచాడు. వారం తర్వాత జరిగిన చర్చ బ్రహ్మాండంగా సాగింది. 1900లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, కానన్ ఈ పద్ధతిని వివరిస్తూ బోస్టన్ వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. తర్వాతి కాలంలో శరీరధర్మ శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న కానన్ ఇతనే.

ఆ వ్యాసం ఊసును అందిపుచ్చుకున్నవాడు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ కాబట్. 1906లో కేసులతో నేర్పే పుస్తకం తెచ్చాడు. అయితే కాగితం మీది కేసుకు ఒక లోటుంది. విద్యార్థి చెప్పింది ఒప్పని ఎవరు తేల్చాలి? మాస్టారేనా? మాస్టారే పొరబడితే?

1910లో కాబట్, అదే ఆసుపత్రి పాథాలజిస్టు జేమ్స్ హోమర్ రైట్ కలిసి దీనికి జవాబు కనుక్కున్నారు. చనిపోయిన రోగి కేసు షీటు కాబట్ చేతికిస్తారు. ఆ రోగిని ఆయన చూసి ఉండడు, శవపరీక్షలో ఏం తేలిందో తెలియదు. విద్యార్థులు, తోటి డాక్టర్లు వింటుండగా ఆయన ఒక్కో లక్షణాన్నీ తూచి, ఇది కావచ్చు, ఇది కాదు అని కొట్టేసుకుంటూ చివరికి ఒక జబ్బు పేరు చెప్పాలి. చెప్పాక రైట్ లేచి లోపల నిజంగా ఏం దొరికిందో చూపిస్తాడు. కాబట్ తప్పితే అందరి ముందే తప్పినట్టు. పేరున్న డాక్టరు తన ఆలోచనను ఇలా పరీక్షకు పెట్టడం వైద్యవిద్యకు దక్కిన గొప్ప వరం. క్లినికోపాథలాజికల్ కాన్ఫరెన్స్ అనీ, పొట్టిగా సీపీసీ అనీ పిలిచేది దీన్నే. 1920ల నుంచి ఆ కేసులు, కానన్ వ్యాసం వచ్చిన బోస్టన్ పత్రికలోనే అచ్చవుతూ వచ్చాయి. ఆ పత్రికే 1928లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అయింది.

కాబట్ అంతటితో ఊరుకోలేదు. 3,000 శవపరీక్షలను, బతికుండగా డాక్టర్లు చెప్పిన జబ్బులతో పోల్చి 1912లో లెక్క బయటపెట్టాడు. మధుమేహం నూటికి 95 సార్లు, టైఫాయిడ్ 92 సార్లు సరిగ్గానే పట్టుకున్నారు. అక్యూట్ నెఫ్రైటిస్ అనే మూత్రపిండాల వాపు దగ్గరికొచ్చేసరికి అది 16కి పడిపోయింది. ఇలాంటి లెక్కలు తోటి వైద్యులకు రుచించలేదు. ఇదే కాబట్ 1905లో ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తలను పెట్టించాడు. రోగి ఇల్లు, పని, తిండి తెలియనిదే కేసు తెలిసినట్టు కాదన్నది ఆయన నమ్మకం. తర్వాత ఆ విభాగాన్ని నడిపిన ఐడా కానన్, వాల్టర్ కానన్‌కు స్వయానా తోబుట్టువు.

కేసులు ఇన్ని చూశాక డాక్టరు బుర్రలో జరిగేదేమిటన్న కుతూహలం 1970లలో పరిశోధనగా మారింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ ఎల్‌స్టైన్ బృందం నటులను రోగులుగా కూర్చోబెట్టి, డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో గమనించింది. 1978లో వాళ్లు పుస్తకంగా వెలువరించిన ఫలితాలు చాలామంది అనుకున్నదానికి భిన్నంగా ఉన్నాయి. అన్ని వివరాలూ సేకరించాక ఆలోచించడమన్నది ఎవరూ చేయరు. మొదటి నిమిషాల్లోనే రెండు మూడు జబ్బులు మనసులో పెట్టుకుని, వాటికోసమే ప్రశ్నలు వేస్తారు. ఘనులూ అంతే, మామూలువాళ్లూ అంతే. పైగా గుండె జబ్బు కేసులో అదరగొట్టిన డాక్టరు కాలేయం కేసులోనూ అలాగే చేస్తాడన్న పూచీ లేదు. అన్నిటికీ పనికొచ్చే ఒక్క నేర్పు లేదు. ఎవరు ఎలాంటి రోగులను ఎందరిని చూశారన్నదే లెక్కకొచ్చింది.

కంప్యూటర్లు వచ్చాక వాటికీ కాబట్ పరీక్షే పెట్టారు. పిట్స్‌బర్గ్‌లో తయారైన ఇంటర్నిస్ట్-1 అనే ప్రోగ్రాముకు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లోని 19 సీపీసీ కేసులిచ్చి చూస్తే, 43 జబ్బుల్లో 25 పట్టుకుంది. రోగికి వైద్యం చేసిన డాక్టర్లు 28, చర్చించిన నిపుణులు 35 పట్టుకున్నారు. ఇది 1982 నాటి మాట. 2023లో బోస్టన్ పరిశోధకులు జీపీటీ-4 అనే కృత్రిమ మేధకు అలాంటివే 70 కేసులిచ్చారు. నూటికి 39 కేసుల్లో అది మొదట చెప్పిన జబ్బే అసలు జబ్బు. నూటికి 64 కేసుల్లో అసలు జబ్బు దాని జాబితాలో ఉంది. ఈ అంకెలు చూసి మురిసేవాళ్లు ఒకటి గమనించాలి. రోగిని కూర్చోబెట్టి ఏం అడగాలో, ఎక్కడ నొక్కి చూడాలో ఎవరో డాక్టరు ముందే తేల్చి, పనికొచ్చేవి ఏరి కాగితం మీద పెట్టాకే అవి యంత్రానికి అందాయి.

ఇంతకాలం సీపీసీ జవాబులను నిలబెట్టిన శవపరీక్షే ఇప్పుడు కనుమరుగవుతోంది. అమెరికాలో ఒకప్పుడు ఆసుపత్రి మరణాల్లో సగానికి చేసేవారు. ఇప్పుడు పదో వంతుకు కూడా చేయడం లేదు. స్కాన్లు ఉన్నాయిగా అన్న ధీమా ఒక కారణం. మన దగ్గర పోస్టుమార్టం అంటే పోలీసు కేసే. జబ్బు తెలుసుకోవడానికి కోస్తామంటే ఇంటివాళ్లు ఒప్పుకోవడం కష్టం, అడిగే డాక్టర్లూ తక్కువే. చండీగఢ్ పీజీఐ లాంటి కొన్నిచోట్ల మాత్రం సీపీసీలు పట్టుదలగా నడుస్తున్నాయి. కేసు చెప్పడం ప్రతి టీచింగ్ ఆసుపత్రిలోనూ ఉంది. చెప్పింది నిజమైందా అని చూసే రెండో సగమే పోతోంది. అది పోతే మిగిలేది నోరున్నవాడి మాట నెగ్గడమే.

శవపరీక్ష ఒక్కటే దారి కాదు. కాబట్ పనిచేసిన ఆసుపత్రిలోనే ఆ రోజుల్లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. ఒక్కో రోగికి ఒక్కో కార్డు రాసుకుని, ఏడాది తర్వాత ఎలా ఉన్నారో కనుక్కుని అందులో నమోదు చేయాలని పట్టుబట్టాడు. పైవాళ్లతో పడక 1914లో ఉద్యోగం వదిలేశాడు. మన వార్డుల్లో ఆ పనికి పెద్ద ఖర్చేం కాదు. కేసు షీటు మీద రోగి ఫోన్ నంబరు ఎలాగూ ఉంటుంది. ఆ కేసు చెప్పిన విద్యార్థే ఆరు నెలలకు ఫోన్ చేసి, అన్నం సయిస్తోందా, మళ్లీ ఎక్కడైనా చూపించుకున్నారా, అక్కడేమన్నారు అని అడిగి, తాను రాసిన డయాగ్నోసిస్ పక్కనే ఆ జవాబూ రాయొచ్చు.