నైజీరియా ఆరాధన గీతాలు: మాట వెంట నడిచిన బాణీ

1840ల్లో ఇంగ్లండు మిషనరీలు బదాగ్రి రేవులో దిగి, అక్కడి నుంచి అబెయొకుటా చేరారు. యోరుబా భాష మాట్లాడే ఆ ప్రాంతంలో క్రైస్తవ సంగీతం వాళ్లు తెచ్చిన కీర్తనల అనువాదంతోనే మొదలైంది. బాల్యంలో బానిసగా అమ్ముడుపోయి, విడుదలై, 1864లో ఆంగ్లికన్ సంఘానికి తొలి ఆఫ్రికన్ బిషప్పు అయిన సామ్యూల్ అజయి క్రౌథర్ బైబిలును యోరుబాలోకి తెచ్చే పనిలో ముందు నిలిచాడు. అలా గుడిలో మాట యోరుబాదైంది, బాణీ మాత్రం ఇంగ్లండుదే.

చిక్కంతా అక్కడే. యోరుబాలో గొంతు ఎత్తును బట్టి అర్థం మారుతుంది. పై, మధ్య, కింది అని మూడు స్థాయులుంటాయి. 'ఒకొ' అనే మాట స్థాయిని బట్టి మొగుడు కావచ్చు, పార కావచ్చు, బండి కావచ్చు. మాట దిగాల్సిన చోట బాణీ పైకి లేస్తే పాట అర్థం మారిపోతుంది, లేదా ఏ అర్థమూ మిగలదు. భక్తులు కొన్ని దశాబ్దాలు అలాగే పాడుకున్నారు.

దీన్ని సరిదిద్దినవారిలో ముందు చెప్పుకోవలసింది పాస్టరు జోసయ్య జెస్సీ రాన్సమ్-కుటి (1855–1930) పేరు. యోరుబాల్లో ఒక శాఖ అయిన ఎగ్బాల జానపద బాణీల్లో ఆయన కట్టిన యోరుబా కీర్తనలు పల్లెజనం నోట సులువుగా నిలిచాయి. 1922లో లండనులో జోనోఫోన్ కంపెనీ ఆయన పాటలను రికార్డు చేసింది. ఆఫ్రోబీట్ సంగీతంతో ప్రపంచమెరిగిన ఫెలా కుటి ఈయన మనవడే. లాగోస్ కెథడ్రల్‌లో ఆర్గన్ వాయించిన ఎకుండయో ఫిలిప్స్ ఇదే విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించి 1953లో 'యోరుబా మ్యూజిక్' పుస్తకం వెలువరించాడు.

డోలు విషయం వేరు. పాత దేవతల కొలువుతో ముడిపడిందని మిషన్ గుళ్లు దాన్ని దూరం పెట్టాయి. ప్రార్థననే ఊపిరిగా చేసుకున్న అలాదురా సంఘాలు దాన్ని లోపలికి పిలిచాయి. వాటిలో ఒకటైన చెరుబిమ్ అండ్ సెరాఫిమ్ సంఘం 1925లో పుట్టింది. 1930లో ఇలేశాలో ప్రచారకుడు జోసెఫ్ అయో బబలోలా ఉజ్జీవ కూడికలకు జనం పోటెత్తారు. చప్పట్లు, నాట్యం ఆరాధనలో భాగమయ్యాయి. అలా లోపలికి వచ్చిన డోళ్లలో డున్‌డున్‌ది ప్రత్యేక స్థానం. నడుము సన్నగా ఉండే ఈ డోలుకు రెండు వైపులా తోలు, వాటిని కలుపుతూ వార్లు ఉంటాయి. చంకలో ఇరికించి వార్లను నొక్కితే నాదం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. వంకర పుల్లతో కొడుతూ యోరుబా వాక్యాన్ని దాని స్థాయులతో సహా పలికించవచ్చు. అంటే భజనలో డోలూ స్తుతి పలుకుతుంది.

నైజీరియా తూర్పున ఇగ్బో భాషా గీతానికి పెద్ద దిక్కు ఇకోలి హార్కోర్ట్ వైట్ (1905–1977). ఉజువాకొలి కుష్ఠు ఆశ్రమంలో రోగిగా ఉంటూ, తోటి రోగుల గాయక బృందాన్ని నడిపి, ఇగ్బోలో బృందగానాలు రాశాడు. 1967–70 అంతర్యుద్ధంలో అయినవారిని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ పాటలు ఓదార్పయ్యాయి. నైజీరియా క్రైస్తవ సంగీతంలో ఇంతటి బాధ నుంచి, ఇంతటి నిబ్బరంతో పుట్టిన పాటలు అరుదు.

యుద్ధం తరువాత విద్యార్థుల మధ్య లేచిన ఉజ్జీవం పొట్టి పల్లవులను వ్యాపింపజేసింది. నగరంలోని ఒకే సంఘంలో యోరుబా, ఇగ్బో, హౌసా, ఎఫిక్ మాట్లాడేవారు కలిసి కూర్చుంటారు. గాయకుడు ఇంగ్లీషు పల్లవితో మొదలెట్టి, తాళం ఆగకుండానే కలగలుపు ఇంగ్లీషైన పిడ్జిన్‌లోకి, అక్కడి నుంచి ఇగ్బోలోకి మళ్లుతాడు. జనం బదులు పాడతారు. జుజు అనే యోరుబా జనాదరణ సంగీతంలో పేరొందిన ఎబెనెజర్ ఒబే, అలాగే గాయకుడు సోనీ ఒకోసున్ తమ శ్రోతలను వెంటబెట్టుకునే సువార్త గీతాల వైపు వచ్చారు. గాయని టోపె అలబి రాజులను కీర్తించే ఒరికి బిరుదుల సంప్రదాయాన్ని దేవుని స్తుతికి మళ్లించింది.

2015లో నైజీరియా గాయని సినాచ్ పాడిన 'వే మేకర్' ఇంగ్లీషు పాట. 2020లో దానికి అమెరికాలో క్రైస్తవ సంగీతానికిచ్చే డవ్ పురస్కారం దక్కింది. స్థానిక భాషకూ సరిహద్దులు దాటే సత్తా ఉందని టిమ్ గాడ్‌ఫ్రే ఇగ్బో పాట 'నారా' చూపించింది: 2018లో వచ్చిన ఆ పాటకు అమెరికా గాయకుడు ట్రావిస్ గ్రీన్ గొంతు కలిపాడు.